దళవాయి రణధీరప్ప గారి సెలవు

దళవాయి రణధీరప్ప అబద్ధమాడడు. వెన్ను చూపడు. శత్రువు నిద్రపోతూ దొరికితే తట్టి లేపి, మంచినీళ్ళు తాగించి, వాడి కత్తి వాడి చేతికిచ్చి, అప్పుడు నరుకుతాడు. పొద్దుగూకాక యుద్ధం చెయ్యడు. అన్నిటికంటే ముఖ్యం, రాజు తనకు అప్పగించిన నల్లకొండ దుర్గాన్ని విడిచి ఒక్క పూటైనా బయట గడపడు. ఇంతటి సేనాపతి ఏ రాజ్యంలోనూ పుట్టలేదు. గేదెల త్రినాథరావు బుర్రలో పుట్టాడు. పుట్టించిన పాపానికి త్రినాథరావు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

త్రినాథరావుది శ్రీకాకుళం వైపు. గిడ్డంగుల పర్యవేక్షణ మండలిలో జూనియర్ అసిస్టెంటు. పోస్టింగేమో రాయలసీమలో ఒక ఊరు. పేరు చెప్పడం దేనికి, ఆ ఊరి తప్పేమీ లేదు. భార్య నీలవేణి పలాస దగ్గర పల్లెలో నర్సు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ఆ మూలా, ఇతను ఈ మూలా. మధ్యలో రాష్ట్రమంతా పరుచుకుని ఉంది.

గిడ్డంగి ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎలకలకి తప్ప ఎవరికీ పని ఉండదు. ఆ ఖాళీలో, ఆఫీసు కాగితాల మీద, ఆఫీసు సిరాతో, రణధీరప్ప రోజుకొక కోట కాపాడేవాడు. ఒక వారపత్రిక దాన్ని సీరియల్‌గా వేసింది. 'ఖడ్గపాణి' అని కలం పేరు పెట్టుకున్నాడు. జనం ఎగబడి చదివారు. మొదటి భాగం పుస్తకంగా కూడా వచ్చింది, రెండోది ఇంకా వారం వారం నడుస్తోంది. చదవరా మరి? పొద్దున లేచింది మొదలు అడ్డమైనవాడికీ దణ్ణం పెట్టి, పని కోసం పది అబద్ధాలాడి, ఇంటికొచ్చి కూలబడ్డ మనిషికి, ఎవడికీ తలవంచనివాడొకడు గుర్రమెక్కి కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ నిజాయితీకి అయ్యే ఖర్చంతా రణధీరప్పే పెట్టుకుంటాడాయె. మనం చందా కడితే చాలు.

ఆ సీరియల్లో అందరికీ కంఠతా వచ్చిన మాట ఒకటుంది: "కోట వదిలిన సైనికుడికి ఇల్లు లేదు!" ఈ మాట చదివి కాలేజీ కుర్రాళ్ళు ఈలలు వేశారు. అది ఎలా పుట్టిందో మాత్రం ఎవరికీ తెలియదు. నీలవేణికి మొదటి కడుపు పోయినప్పుడు త్రినాథరావు సెలవడిగాడు. ఇవ్వలేదు. గట్టిగా అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ మధ్యాహ్నం కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆ వాక్యం రాసుకున్నాడు. వెళ్ళలేకపోయినవాడు, వెళ్ళకపోవడమే గొప్పని రాసుకున్నాడు, అంతే.

ఇప్పుడు నీలవేణికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ఏమైనా సరే పక్కన ఉంటానని మాటిచ్చాడు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకచోటికి మార్చే నిబంధన ఉంది కాబట్టి బదిలీకి దరఖాస్తు కూడా పెట్టాడు. సరిగ్గా అప్పుడే కొంప మునిగింది. ప్రాంతీయ సంచాలకులు పరాంకుశం గారికి జలుబు చేసింది.

జలుబుతో మంచం మీదున్న ఆయనకి ఎవరో 'దళవాయి రణధీరప్ప' పుస్తకం ఇచ్చారు. పరాంకుశం గారు తన సర్వీసులో ఒక్క మాట మీద రెండు రోజులు నిలబడ్డవారు కారు. అందుకేనేమో, మాట కోసం చెయ్యి నరుక్కున్న రణధీరప్పని చదివి వెక్కి వెక్కి ఏడ్చారు. జలుబు తగ్గింది గానీ ఇది తగ్గలేదు. ఆఫీసుకి వస్తూనే సిబ్బందినందరినీ వరండాలో నిలబెట్టారు.

"నేటి నుండి ఈ కార్యాలయము కార్యాలయము కాదు, దుర్గము!" అన్నారు. "మీరు ఉద్యోగులు కారు, యోధులు! దళవాయి వారి ఆదర్శములను శాఖాపరముగా అమలుపరచుటకై 'రణధీర ప్రవర్తనా నియమావళి'ని తక్షణమే ప్రవేశపెట్టడమైనది."

ఖడ్గపాణి అంటే తమ త్రినాథరావేనని తెలిసి ఆయన పరవశించిపోయారు. శాలువా కప్పారు. ఫొటో తీయించారు. త్రినాథరావు మురిసిపోయి, ఇక బదిలీ ఖాయమనుకుని, ఆ సాయంత్రమే నీలవేణికి ఫోన్ చేసి చెప్పేశాడు. పాపం, తొందరపడ్డాడు.

నియమావళి అమలు మొదలైంది. వీరుడు వెన్ను చూపడు కనుక, సంచాలకుల గదిలోకి వెళ్ళినవాళ్ళు బయటికి వెనక్కి నడుచుకుంటూ రావాలి. సూపరింటెండెంటు ఓబులేసు గారికి మోకాళ్ళ నొప్పులు. మొదటిరోజే వెనక్కి నడుస్తూ బీరువాకి తల కొట్టుకుని బొప్పి కట్టించుకున్నారు.

"ఏమప్పా త్రినాథా, మీ రణధీరప్పకి బీరువాలు లేవా?" అన్నారు బొప్పి తడుముకుంటూ.

"లేవండి. అప్పట్లో అన్నీ పెట్టెలేనండి."

"రాసేటప్పుడు కొంచెం ఆలోచన చేసి రాయాల గదప్పా!"

తర్వాత తనిఖీల వంతు. గిడ్డంగుల్లో బియ్యం దొంగతనంగా తరలిపోతుంటే చెప్పాపెట్టకుండా వెళ్ళి పట్టుకోవడం ఆ ఆఫీసు ముఖ్యమైన పని. ఏమరుపాటుగా ఉన్నవాడి మీద పడటం అధర్మయుద్ధమని పరాంకుశం గారు తేల్చారు. కాబట్టి తనిఖీకి ముందు డప్పు వేయించాలి, గిడ్డంగి యజమానికి కబురు పంపి 'సిద్ధముగా నుంటివా?' అని అడగాలి, అతను 'సిద్ధమే' అన్నాకే లోపలికి అడుగుపెట్టాలి. పొద్దుగూకాక ఏ లారీనీ ఆపరాదు.

యజమానులు అంతకుముందు నవలలు చదివేవాళ్ళు కారు. ఇప్పుడు తలా నాలుగు ప్రతులు కొన్నారు. డప్పు వినపడగానే పూలదండలతో ఎదురొచ్చేవారు. ఎక్కడ చూసినా బస్తాలు లెక్కకి సరిగ్గా ఉన్నాయి. పొద్దుగూకాక లారీలు హాయిగా వెళ్ళిపోయేవి. ఆ నెల దొంగతనం కేసు ఒక్కటీ నమోదు కాలేదు. పై ఆఫీసువాళ్ళు ఇది చూసి ఆశ్చర్యపోయి, ఈ నియమావళిని రాష్ట్రమంతా పెడదాం, పరాంకుశం గారి పేరే పెడదాం అని ఆలోచనలో పడ్డారు. దాంతో పరాంకుశం గారికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. సెలవులు రద్దు చేశారు.

"సెలవనగా నేమి?" అని వరండాలో ప్రశ్నించారు. "పలాయనము! పూర్తిరోజు సెలవు పూర్తి పలాయనము, ఒంటిపూట సెలవు అర్ధ పలాయనము. భుజములో బాణము దిగియుండగా దళవాయి వారు పోరాడిరి. మీకు విరేచనములైన యేమి?"

త్రినాథరావు ఉగ్గబట్టుకుని గదిలోకి వెళ్ళి తన బదిలీ సంగతి కదిపాడు. పరాంకుశం గారు అతన్ని జాలిగా చూసి, సొరుగులోంచి పుస్తకం తీశారు. ఎర్ర గీతల మధ్య ఉన్న వాక్యాన్ని పైకి చదివారు.

"కోట వదిలిన సైనికుడికి ఇల్లు లేదు! అబ్బా, ఏమి మాటయ్యా! ఇట్టి మాట రాసిన చేతితోనే బదిలీ దరఖాస్తు రాయుటకు నీకు మనసెట్లు ఒప్పెను?"

"అది కథండి సార్. మా ఆవిడకి ఇది రెండో కాన్పండి. మొదటిసారి నేను లేనండి. అప్పుడు..."

పరాంకుశం గారు కరిగారు, కానీ నిబంధన కరగలేదు. "నేను కర్కోటకుడను కాను. దళవాయి వారి జీవితమునందు ఇట్టి పరిస్థితిలో దుర్గము విడిచిన పూర్వోదాహరణ ఏదైన నున్నయెడల జతపరచుము. పరిశీలింపబడును."

త్రినాథరావు వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఓబులేసు గారు బీరువా పక్కనే కాచుకుని ఉన్నారు.

"ఉందా అట్లాంటిది ఆ పుస్తకంలో?"

"లేదండి."

"లేకపోతే ఏమప్పా? రాసేది నువ్వే గదా! చచ్చిపోయిన మా తాతకే పుట్టిన తేదీ సర్టిఫికెట్టు పుట్టించినా నేను. నువ్వు ఒక సంగతి పుట్టించలేవా?"

ఆ మాటతో త్రినాథరావుకి కళ్ళు తెరుచుకున్నాయి. అవును గదా, రణధీరప్ప తన మనిషి. తను పొమ్మంటే పోతాడు. ఆ మధ్యాహ్నం కాగితం ముందు పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఒక్కసారైనా తలవని మనిషిని తలిచాడు. రణధీరప్పకి భార్య ఉందని మొదటి భాగంలో ఒకచోట ఉంది. పేరు లేదు. ఇప్పుడు ఆవిడకి కోమలాంబ అని పేరు పెట్టాడు. ఆవిడకి నెలలు నిండాయి. ఊరి నుంచి కబురొచ్చింది. రణధీరప్ప రాజుగారి ముందు మోకరిల్లి, సిగ్గుతో తలవంచి, పోయి రావడానికి సెలవడిగాడు. రాజుగారు ఆయన్ని లేవదీసి అన్నారు: "ఇల్లే లేనివాడు కోటని ఎవరి కోసం కాస్తాడయ్యా? వెళ్ళిరా."

రణధీరప్ప గుర్రమెక్కాడు. త్రినాథరావు రాస్తూ రాస్తూ ఏడ్చాడు. ఇన్ని యుద్ధాలు రాశాడు గానీ అంత ధైర్యం గల పని ఆ దళవాయి చేత ఎన్నడూ చేయించలేదని అప్పుడు తోచింది.

పత్రిక వచ్చిన రోజు నీలవేణి ఫోన్ చేసింది.

"ఏటండీ, ఇన్నాళ్ళకి ఆవిడికో పేరెట్టినారా? మా ఆస్పత్రిలో నర్సులందరం కూకొని చదివినాం. మా హెడ్‌సిస్టర్ ఏడుపే ఏడుపు. ఆయన ఎలిపోయాడంటే మీరూ వచ్చీసినట్టే గదా?"

"వచ్చీసినట్టే. ఇంక ఆపీవోడెవడూ లేడు," అన్నాడు త్రినాథరావు.

మర్నాడు అధ్యాయాన్ని దరఖాస్తుకి జతపరిచి తీసుకొచ్చేసరికి ఆఫీసు బోసిపోయి ఉంది. సిబ్బంది మొత్తం సెలవు చీటీలు పంపేసి ఇళ్ళకి వెళ్ళిపోయారు. 'దళవాయి వారు చూపిన బాటలో' అని ప్రతి చీటీ మీదా ఉంది. మోకాళ్ళ నూనె కోసం తిరుపతి వెళ్ళిన ఓబులేసు గారి చీటీ మీద కూడా. అటెండరు లేక పరాంకుశం గారు తన టీ తనే తెచ్చుకున్నారు. రాష్ట్రమంతా అమలు కాబోతున్న నియమావళి ఆయన కళ్ళ ముందే గుర్రమెక్కి వెళ్ళిపోతోంది.

వెంటనే విచారణ సంఘం వేశారు. విషయం: 'దళవాయి శ్రీ రణధీరప్ప గారు అనధికారికముగా విధులకు గైర్హాజరైరా, లేదా?' అధ్యక్షులు పరాంకుశం గారే. తిరుపతి నుంచి పిలిపించిన ఓబులేసు గారు సభ్యులు. త్రినాథరావుని బల్ల ముందు నిలబెట్టారు.

"దళవాయి వారు దుర్గము వీడిన మాట వాస్తవమేనా?"

"వాస్తవమేనండి. వెళ్ళారండి."

"ఎవరి అనుమతితో?"

"రాజుగారే వెళ్ళిరమ్మన్నారండి."

పరాంకుశం గారు పుస్తకం మొదటి భాగం తెరిచారు. "ముసలి రాజు జబ్బుపడగా యువరాజు వ్యవహారములు చూచుచుండెనని నీవే రాసితివి. అనగా నితడు ఇన్‌ఛార్జి రాజు. సేనాపతి స్థాయి అధికారికి సెలవు మంజూరు చేయు అధికారము ఇన్‌ఛార్జికి లేదు. నీకు తెలియదా?"

త్రినాథరావు తెల్లబోయాడు. "అప్పట్లో అవన్నీ ఉండవేమోనండి."

"ఉండవని ఆధారమున్నదా?"

"లేదండి. అయినా రాజుగారిదేముందండి, ఆయన్ని పంపించింది నేనేనండి. రాసింది నేనే కదండి. నేను పంపిస్తేనే వెళ్ళారండి."

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "నీవు జూనియర్ అసిస్టెంటువి," అన్నారు నెమ్మదిగా. "దళవాయి నీకంటె ఎంత పై కేడరో ఎరుగుదువా? నీకంటె పై అధికారికి నీవు సెలవు మంజూరు చేసితివా?"

"అదీ నిజమే గదప్పా," అన్నారు ఓబులేసు గారు తప్పక.

ఆ రోజే పలాస నుంచి ఫోనొచ్చింది. నీలవేణికి బీపీ బాగా పెరిగిందనీ, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నామనీ, బయల్దేరమనీ వాళ్ళమ్మ ఏడుస్తూ చెప్పింది. మొదటిసారి కూడా ఇలాగే మొదలైంది. త్రినాథరావు నేరుగా సంచాలకుల గదిలోకి వెళ్ళాడు. ఆయన తలుపు వేయమన్నారు. గొంతు తగ్గించారు. వీధిలో మనుషులు మాట్లాడుకునే తెలుగు ఆయన నోటి వెంట రావడం అదే మొదటిసారి.

"చూడు త్రినాథరావు, పై నుంచి పొద్దున్నుంచీ ఫోన్లు. పరువు పోయేలా ఉందయ్యా. ఆయన ఇంటికి వెళ్ళలేదని రాసివ్వు. పొరపాటున అచ్చయిందని పత్రికలో వేయించు. నువ్వు ఈ క్షణమే వెళ్ళు. బదిలీ ఉత్తర్వు ఇదిగో, టైపు చేయించే ఉంచాను. సంతకం ఒక్కటే తరువాయి."

"కానీ సార్, ఆయన వెళ్ళాడండి. అబద్ధమవుతుంది కదండి."

"ఏమిటయ్యా అబద్ధం? శాఖ గౌరవం కోసం చెప్పేది అబద్ధం కాదు, వివరణ."

రణధీరప్ప అయితే ఏం చేసేవాడో త్రినాథరావుకి బాగా తెలుసు. కాగితం చించి, చెయ్యి తీసి బల్ల మీద పెట్టేవాడు. రణధీరప్పదేం పోయింది, తర్వాతి వారం మళ్ళీ చెయ్యి మొలిపించే రచయిత ఉన్నాడు ఆయనకి. పెద్దాసుపత్రిలో పడుకున్న మనిషికి అలాంటివాడు ఎవరూ లేరు. త్రినాథరావు కూర్చుని చక్కటి దస్తూరితో రాశాడు. 'గత సంచికలో దళవాయి రణధీరప్ప ఇంటికి వెళ్ళినట్లు పొరపాటున అచ్చయినది. ఆయన వెళ్ళలేదు. దుర్గమునందే ఉన్నారు. చింతిస్తున్నాము.' కింద సంతకం పెట్టాడు. పరాంకుశం గారు రెండు సార్లు చదువుకుని, కళ్ళొత్తుకున్నారు.

"నాకు తెలుసయ్యా, ఆయన వెళ్ళడని," అన్నారు. బదిలీ ఉత్తర్వు మీద సంతకం గీకి చేతిలో పెట్టారు.

త్రినాథరావు గిరుక్కున తిరిగి, వెన్ను చూపించి, బయటికి పరిగెత్తాడు.

రైళ్ళూ బస్సులూ మారి శ్రీకాకుళం చేరేసరికి నీలవేణిని లోపలికి తీసుకెళ్తున్నారు. స్ట్రెచరు మీద నుంచి చూసి అతని చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు తలుపు దాకా వదల్లేదు. చాలాసేపటికి ఆడపిల్ల ఏడుపు వినిపించింది. తల్లీ పిల్లా క్షేమమన్నారు. త్రినాథరావు ఆ వరండాలోనే నేల మీద చతికిలబడి బావురుమన్నాడు. పక్కనున్న ముసలామె ఎవరో, మగపిల్లాడి కోసం ఏడుస్తున్నాడనుకుని నాలుగు తిట్టింది.

వారం తిరిగాక ఇంటికొచ్చారు. పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చున్న నీలవేణి, ఆ ఉదయం వచ్చిన వారపత్రిక తెరిచింది. ఆ పత్రిక రాగానే చింపేద్దామనే అనుకున్నాడు త్రినాథరావు. పిల్ల తల నిమురుతూ మర్చిపోయాడు.

"ఏటండీ ఇది? ఆయన ఎల్లలేదా?"

అతను జరిగిందంతా చెప్పాడు. ఇన్‌ఛార్జి రాజు సంగతి చెబుతుంటే నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"మీరొచ్చీసారు. నాకదే పదివేలు. మిమ్మల్నొక్క మాటనను," అంది. పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "మరి కోమలాంబో?"

"ఆవిడికేటి? ఆవిడ కథలోది గదే."

"కథలోదే. నెలలు నిండి, ఆయన గుర్రమెక్కీసినాడని గుమ్మంలో కూకునుంది గదండీ. మా నర్సులందరం కూడా ఆవిడ పక్కనే కూకున్నాం. ఆవిడికి ఈ లోకంలో మీరు తప్ప దిక్కెవరున్నారు? మీరే సంతకం ఎట్టీసినారా?"

పిల్ల ఏడ్చింది. నీలవేణి పత్రిక పక్కన పెట్టి పాలివ్వడానికి అటు తిరిగి కూర్చుంది.